పథకమా, ధర్మమా: పేదలకు సాయం ఎక్కడ అందుతుంది, ఎక్కడ తప్పిపోతుంది

క్లుప్తంగా

ఇరుగుపొరుగు సాయానికి మనిషి తెలుసు, డబ్బు తక్కువ. ప్రభుత్వ సాయానికి డబ్బుంది, మనిషి తెలియడు. ఒక్క ఇంటికి వచ్చిన కష్టాన్ని చుట్టుపక్కలవాళ్లు మోయగలరు, అందరికీ ఒకేసారి వచ్చిన కష్టాన్ని మోయలేరు. ప్రభుత్వం దిగితే దాతలు వెనక్కి తగ్గుతారన్న మాటలో నిజముంది, కానీ ఆ తగ్గుదల అనుకున్నంత పెద్దది కాదు. చాలా దేశాల్లో నడుస్తున్నది ఈ రెండింటి కలగలుపే. అసలు చిక్కు ఏ పని ఎవరి చేతిలో ఉండాలన్న దగ్గర వస్తోంది.

ప్రశ్న ఎవరి వైపు నుంచి?

మాంద్యం వచ్చినప్పుడల్లా, సంక్షేమ ఖర్చుకు కోత పెడతారన్న వార్త వచ్చినప్పుడల్లా ఒక పాత వాదన మళ్లీ లేస్తుంది. పేదల్ని చూసుకోవాల్సింది ప్రభుత్వమా? లేక ప్రార్థనాలయాలు, స్వచ్ఛంద సంస్థలు, ఇరుగుపొరుగు కలిసి చూసుకుంటే సరిపోతుందా? పన్ను కట్టించుకుని పంచేదాన్ని దానమని ఎలా అంటారు, ఇచ్చేవాడికి ఇష్టం ఉండాలి కదా అని ఒక పక్షం అడుగుతుంది. దాత ముఖం చూసి బతకాల్సిన బతుకు ఎవరికి కావాలి అని రెండో పక్షం అడుగుతుంది. రెండూ అడగదగ్గ ప్రశ్నలే. కాకపోతే రెండూ ఇచ్చేవాడి మనసు చుట్టూనే తిరుగుతాయి, అందుకే ఎన్నేళ్లయినా తేలవు.

పుచ్చుకునేవాడి వైపు నుంచి చూస్తే అడగాల్సినవి వేరు. సాయం సమయానికి వస్తుందా? వచ్చే నెల కూడా వస్తుందా? కష్టంలో ఉన్నానని అవతలివాళ్లకు ఎలా తెలుస్తుంది? ఇవ్వమంటే ఎవరికి చెప్పుకోవాలి? వీటికి ప్రభుత్వం చెప్పే జవాబులు ఒక రకంగా, సమాజం చెప్పే జవాబులు మరో రకంగా ఉంటాయి. ఆ తేడా ఎవరు ఎంత మంచివాళ్లన్న దాన్ని బట్టి రాదు, సాయం అందించే ఏర్పాటును బట్టి వస్తుంది.

ఒక్క ఇంటి కష్టం, అందరి కష్టం

ఇంటి పెద్ద మంచాన పడటం, ఒకరి ఉద్యోగం పోవడం, ఒక ఇల్లు కాలిపోవడం ఒక రకం కష్టం. చుట్టుపక్కల మిగతా ఇళ్లు బాగానే ఉంటాయి కాబట్టి తలో చెయ్యి వేస్తే ఆ ఇల్లు నిలబడుతుంది. కరువు, వరద, మాంద్యం, మహమ్మారి ఇంకో రకం. అక్కడ చెయ్యి వేయాల్సినవాళ్లు కూడా మునిగే ఉంటారు.

మొదటి రకాన్ని సమాజం ఎంత బాగా మోస్తుందో ఆర్థికవేత్త రాబర్ట్ టౌన్‌సెండ్ 1994లో ప్రచురించిన అధ్యయనంలో కనిపిస్తుంది. దక్షిణ భారతదేశపు మెట్ట ప్రాంతాల్లోని మూడు పేద గ్రామాల లెక్కలు ఆయన తీసి చూశారు. ఒక ఇంటికి ఆ ఏడాది రాబడి తగ్గినా, ఇంట్లో జబ్బు చేసినా, పని దొరక్కపోయినా ఆ ఇంటి ఖర్చు అంతగా పడిపోలేదు. ఊరి సగటు ఖర్చు ఎటు కదిలితే అటే కదిలింది. అప్పో, చేబదులో, దాచుకున్నదో, బంధువుల సాయమో, ఏదో ఒక దారిన దెబ్బ సర్దుకుపోతోందన్నమాట. కాగితం లేని బీమా అది. అయితే ఆ లెక్కల్లోనే మరో రెండు సంగతులున్నాయి. మూడింటిలో ఒక ఊళ్లో భూమి లేనివాళ్లకు ఈ రక్షణ మిగతావాళ్లకన్నా తక్కువగా దొరికింది. పైగా ఊరి సగటే పడిపోతే దాంతోపాటే అందరూ పడతారు.

ఆ సగటు పడిపోయినప్పుడు ఏమవుతుందో అమెరికా నగరం ఫిలడెల్ఫియాలో తేలింది. 1929లో మొదలైన మహా మాంద్యంలో నిరుద్యోగుల్ని స్థానికులు, దాతలే చూసుకోవాలన్నది అధ్యక్షుడు హెర్బర్ట్ హూవర్ గట్టి నమ్మకం. ఆయన్ని గుండె లేని మనిషి అనడానికి లేదు. మొదటి ప్రపంచ యుద్ధంలో బెల్జియం ప్రజలకు ఆహారం చేరవేసిన భారీ సహాయ కార్యక్రమాన్ని నడిపింది ఆయనే. ఫిలడెల్ఫియాలో 1930 చివర్లో హొరేషియో లాయిడ్ అనే బ్యాంకరు నాయకత్వంలో సహాయ కమిటీ ఏర్పడింది. డబ్బున్నవాళ్లు చందాలిచ్చారు. అవి అయిపోతే మళ్లీ ఇచ్చారు. 1932 జూన్ నాటికి నిధులు పూర్తిగా అడుగంటి కమిటీ మూతపడింది. ఏ దెబ్బకు కార్మికుల పని పోయిందో అదే దెబ్బ దాతల వ్యాపారాలకూ తగిలింది. అడిగేవాళ్ల క్యూ పెరుగుతున్నకొద్దీ హుండీ ఖాళీ అవుతూ వచ్చింది. 1933 వచ్చేసరికి అమెరికా కార్మికుల్లో దాదాపు నాలుగో వంతు మందికి పని లేదు. ఆ ఏడాది మే నెలలో ఫెడరల్ ప్రభుత్వం నేరుగా సహాయ నిధులు విడుదల చేయడం మొదలుపెట్టింది. 1935 ఆగస్టులో సోషల్ సెక్యూరిటీ చట్టం వచ్చింది.

ఇది ఆ ఒక్క మాంద్యానికే పరిమితం కాలేదు. 2008, 2009 సంక్షోభంలోనూ అమెరికాలో విరాళాలు తగ్గాయి. అవసరం పెరిగే సమయం, ఇచ్చే శక్తి తరిగే సమయం ఒకటే కావడం దాతృత్వానికి పుట్టుకతో వచ్చిన బలహీనత. ప్రభుత్వానికి ఇక్కడ ఉన్న బలం అప్పు పుట్టించుకోగలగడం. ఈ ఏడాది దెబ్బను పది, ఇరవై ఏళ్ల పన్నుల మీదికి పరచగలదు, బాగున్న ప్రాంతం నుంచి బాగాలేని ప్రాంతానికి డబ్బు జరపగలదు. ఈ బలం కూడా అన్ని ప్రభుత్వాలకూ సమానంగా లేదు. విదేశీ కరెన్సీలో అప్పులు చేసిన పేద దేశానికి సరిగ్గా సంక్షోభంలోనే అప్పు పుట్టదు.

ఈ రెండింటి మధ్య మూడో ఏర్పాటు ఒకటి ఉండేది, ఈ చర్చల్లో దాన్ని తరచూ మర్చిపోతుంటారు. బ్రిటన్‌లో కార్మికులు తమలో తాము చందాలు వేసుకుని నడిపిన ఫ్రెండ్లీ సొసైటీలు జబ్బు చేసిన సభ్యుడికి వారం వారం డబ్బిచ్చేవి. అది దానం కాదు, ప్రభుత్వ సాయమూ కాదు. సభ్యుడు తన వంతు కట్టి తన వంతు తీసుకునేవాడు. చందా కట్టలేనంత పేదవాడికి మాత్రం అందులో చోటు లేదు. 19వ శతాబ్దం చివర్లో సభ్యులు ఎక్కువ కాలం బతకడం మొదలయ్యేసరికి ముసలితనపు జబ్బుల ఖర్చు ఆ నిధుల్ని తినేసింది. 1911లో ప్రభుత్వం జాతీయ బీమా చట్టం తెచ్చినప్పుడు ఈ సొసైటీలనే తన ఏజెంట్లుగా వాడుకుంది.

లెక్కలో ఎంత తేడా

విరాళాలు ఎక్కువగా ఇచ్చే దేశంగా పేరున్న అమెరికాలో ఏటా వచ్చే మొత్తం విరాళాలు ఆ దేశ స్థూల ఉత్పత్తిలో కొంచెం అటూఇటూగా 2 శాతం. దశాబ్దాలుగా అక్కడే తిరుగుతోంది. ఇందులో సుమారు నాలుగో వంతు మత సంస్థలకు వెళ్తుంది, యూనివర్సిటీలు, ఆసుపత్రులు, కళలు, మ్యూజియంలకూ అందులో వాటా ఉంది. నేరుగా పేదవాడి ఇంటికి చేరేది ఆ 2 శాతంలో ఒక ముక్క. ఇంకోవైపు సంపన్న దేశాల కూటమి ఓఈసీడీలో ప్రభుత్వాల సామాజిక వ్యయం సగటున స్థూల ఉత్పత్తిలో 21 శాతం దాకా ఉంది.

ఈ పోలిక చూపించి వాదన ముగిసిందనేవాళ్లు ఉన్నారు. అంత తొందర పనికిరాదు. 21 శాతంలో సింహభాగం వృద్ధాప్య పెన్షన్లు, వైద్యం. అది మధ్యతరగతికీ వెళ్తుంది, పేదలకు మాత్రమే కాదు. అయినా తేడా ఎంతంటే, విరాళాలు రెట్టింపైనా ఆ ఖాళీని పూడ్చలేవు. సంక్షేమాన్ని ఎత్తేస్తే దాతలు ఆ చోటు నింపుతారన్న వాదన మొదట దాటాల్సింది ఈ లెక్కని.

మన ఊరివాడు కాని పేదవాడు

చరిత్రలో పన్ను డబ్బు, స్థానిక సాయం మొదటినుంచీ వేర్వేరుగా ఏమీ లేవు. ఇంగ్లండ్‌లో 1601 నాటి పేదల చట్టం ప్రతి చర్చి పరిధిని, అంటే పారిష్‌ను, ఒక సంక్షేమ శాఖగా మార్చింది. స్థానికులు పన్ను కట్టాలి, స్థానికంగా నియమించిన పర్యవేక్షకుడు దాన్ని పంచాలి. డబ్బు నిర్బంధం, పంపకం ఇరుగుపొరుగు చేతిలో. దగ్గరివాళ్లకే బాగా తెలుస్తుందన్న సూత్రాన్ని ఇంతకన్నా నిక్కచ్చిగా అమలు చేసిన దేశం అరుదు.

దాని ఫలితం 1662లో బయటపడింది. ఆ ఏడాది వచ్చిన సెటిల్‌మెంట్ చట్టం ప్రకారం, కొత్తగా వచ్చి ముందుముందు భారమవుతారనిపించినవాళ్లను వాళ్ల సొంత పారిష్‌కు తరిమేయొచ్చు. పెళ్లికాని తల్లికి పుట్టిన బిడ్డ ఎక్కడ పుడితే అక్కడివాడే అవుతాడు కాబట్టి, నెలలు నిండిన గర్భిణిని కాన్పులోపే సరిహద్దు దాటించిన సంఘటనలు ఆ కాలపు రికార్డుల్లో ఉన్నాయి. ఆ అధికారులు తమ పారిష్ పేదల పట్ల దయగలవాళ్లే అయుండొచ్చు. ఆ దయకు హద్దురాయి ఉంది, అంతే. ఏ సమాజమైనా తనవాళ్లను చూసుకుంటుంది. వలస వచ్చినవాడు, వేరే మతంవాడు, ఊరితో గొడవపడ్డవాడు, కుటుంబం వెలేసిన ఆడమనిషి, వీళ్ల దగ్గరికి వచ్చేసరికి ఆ సాయం సన్నగిల్లుతుంది. ఎక్కువ అవసరం ఉన్నవాళ్లు తరచూ వీళ్లే.

ప్రభుత్వ సాయం మర్యాదగా మొదలైందని అనుకుంటే అదీ పొరపాటే. 1834లో బ్రిటన్ ఈ పేదల చట్టాన్ని సవరించి, పేదల్ని లోపల ఉంచి పని చేయించుకునే వర్క్‌హౌస్ పద్ధతిని కట్టుదిట్టం చేసింది. బయట అతి తక్కువ కూలి తెచ్చుకునే కార్మికుడి బతుకుకన్నా లోపలి బతుకు అధ్వానంగా ఉండాలి, అప్పుడే నిజంగా గతిలేనివాళ్లు మాత్రమే వస్తారు అన్నది దాని సూత్రం. లోపలికి వెళ్లాక భార్యాభర్తలు ఒకచోట, పిల్లలు మరోచోట. ఈ సాయం తీసుకున్న మగవాడికి ఓటు పోయేది (1885 తర్వాత వైద్య సాయానికి మినహాయింపు ఇచ్చారు). ఆ నిబంధన 1918 దాకా ఉంది.

మలుపు 1908లో వచ్చింది. ఆ ఏడాది చేసిన వృద్ధాప్య పెన్షన్ చట్టం కింద 70 ఏళ్లు దాటిన పేదలకు వారానికి 5 షిల్లింగులు, 1909 జనవరి 1 నుంచి పోస్టాఫీసులో ఇవ్వడం మొదలుపెట్టారు. ఇచ్చే చోటే ఇందులో పెద్ద విషయం. పేదల చట్టం అధికారి గుమ్మం తొక్కే పని లేదు. ఉత్తరాలకు, స్టాంపులకు అందరూ వెళ్లే కౌంటరే. తీసుకున్నందుకు ఓటు పోదు. నడవడిక బాగుండాలన్న షరతు, ఆదాయ పరిమితి ఉన్నాయి, దాంతో చాలామంది బయటే ఉండిపోయారు. కానీ అర్హత ఉన్నవాడు ఎవరి కాళ్లావేళ్లా పడకుండా అడిగి తీసుకోవచ్చు. ధర్మానికి, హక్కుకు ఉన్న తేడా ఆ కౌంటర్ దగ్గర నిలబడ్డవాడికి తెలిసి ఉంటుంది.

ఎవరు పేద? కాగితం చెప్పాలా, పొరుగువాడు చెప్పాలా?

సాయం ఎవరికివ్వాలో తేల్చడం అన్నిటికన్నా కష్టమైన పని. ప్రభుత్వం ఇల్లు, వాహనం, కరెంటు, కుటుంబ సభ్యుల సంఖ్య లాంటివి చూసి మార్కులేస్తుంది. సమాజానికి ఆ అవసరం లేదు, ఎవరింట్లో పొయ్యి వెలగలేదో తెలుసు. మరి ఏది సరిగ్గా తేలుస్తుంది?

ఇండోనేషియాలో దీన్ని నేరుగా పరీక్షించారు. 640 చిన్న గ్రామాలను ఎంచుకుని, కొన్నిచోట్ల ఆస్తుల జాబితాతో లెక్క కట్టారు, కొన్నిచోట్ల ఊరి సభ పెట్టి నిర్ణయం జనానికే వదిలారు, మిగతాచోట్ల రెండూ కలిపారు. అభిజిత్ బెనర్జీ, రీమా హన్నా, బెంజమిన్ ఒల్కెన్ తదితరులు ఆ ఫలితాలను 2012లో ప్రచురించారు. సభ ఇలా నడిచింది: ఒక్కో కుటుంబం పేరు ఒక్కో కార్డు మీద రాసి ఉంటుంది, ఎదురుగా ఒక తాడు కట్టి ఉంటుంది. కార్డు తీసి, వీళ్లు ఫలానావాళ్లకన్నా పేదవాళ్లా కాదా అని అడుగుతారు. జనం చెప్పిన చోట తాడుకు తగిలిస్తారు. అలా ఊరంతా ఒక వరసలోకి వస్తుంది.

తలసరి ఖర్చును కొలబద్దగా పెట్టుకుంటే లెక్కల పద్ధతే కొంచెం మెరుగు. సభలో తప్పులు 3 శాతం పాయింట్లు ఎక్కువ. పెద్దమనుషులు తమవాళ్లను ఇరికించి ఉంటారన్న అనుమానం సహజంగానే వస్తుంది, పరిశోధకులకూ వచ్చింది. అందుకు ఆధారం దొరకలేదు. తేడాకు అసలు కారణం ఇంకొకటి. పేదరికం అంటే ఏమిటన్న దాని మీదే ఊరికి వేరే అభిప్రాయం ఉంది. ఖర్చు ఎంతన్నది ఒక్కటే కాదు, భర్త చనిపోయాడా, ఆదుకునే బంధువులున్నారా, సంపాదించే సత్తువ ఉందా అన్నవి కూడా జనం లెక్కలో ఉన్నాయి. అందుకే ఊళ్లో సంతృప్తి సభ పద్ధతి మీదే ఎక్కువగా కనిపించింది, ఫిర్యాదులు తక్కువ వచ్చాయి.

ఇంకో చిన్న సంగతి కూడా బయటపడింది. సభ మొదట్లో తీసిన కార్డుల విషయంలో నిర్ణయం బాగుంది, చివరికొచ్చేసరికి తప్పులు పెరిగాయి. జనం అలసిపోయారు. సమాజానికి అన్నీ తెలుసన్నది నిజమే కావచ్చు, గంటల తరబడి కూర్చుని ఆ తెలిసిందంతా చెప్పే ఓపిక మాత్రం దానికి లేదు.

కంప్యూటర్ పొరబడితే

ఊరి సభ తప్పు చేస్తే ఒక ఊళ్లో నాలుగిళ్లు నష్టపోతాయి. ప్రభుత్వ సూత్రం తప్పయితే ఆ తప్పు దేశమంతా ఒకేసారి అచ్చవుతుంది.

ఆస్ట్రేలియాలో 2015 నుంచి నడిచిన రోబోడెట్, అంటే ఎక్కువ ఇచ్చామనుకున్న భృతిని కంప్యూటర్ లెక్కతో తిరిగి వసూలు చేసే పథకం, దీనికి బాగా నమోదైన ఉదాహరణ. పన్ను శాఖ దగ్గరున్న వార్షిక ఆదాయాన్ని 26 పక్షాలకు (పక్షం అంటే రెండు వారాలు) సమానంగా పంచి, ఆ పక్షాల్లో తీసుకున్న భృతితో పోల్చేవాళ్లు. ఒక మనిషి మొదటి ఆరు నెలలు పక్షానికి 2,000 డాలర్ల ఉద్యోగం చేసి, తర్వాతి ఆరు నెలలు ఖాళీగా ఉండి భృతి తీసుకున్నాడనుకుందాం. ఏడాదికి 26,000 డాలర్లు. దాన్ని 26తో భాగిస్తే ప్రతి పక్షానికీ 1,000 డాలర్లు సంపాదించినట్టు తేలుతుంది. నిజానికి ఉద్యోగం లేని నెలల్లో కూడా ఆదాయం ఉన్నట్టు చూపించి, భృతి ఎక్కువ తీసుకున్నావు, తిరిగి కట్టు అని నోటీసు. కాదని నిరూపించుకునే బాధ్యత ఆ మనిషిదే. ఎప్పుడో మానేసిన ఉద్యోగం జీతం స్లిప్పులు తెచ్చి చూపించాలి. సుమారు 3,81,000 మంది నుంచి 75 కోట్ల డాలర్లు ఇలా అక్రమంగా వసూలు చేసినట్టు కోర్టులో తేలింది. 2023 జులైలో రాయల్ కమిషన్ అనే ఉన్నత స్థాయి విచారణ సంఘం ఈ పథకాన్ని తీవ్రంగా తప్పుపట్టింది. నెదర్లాండ్స్‌లో పిల్లల సంరక్షణ భత్యాల విషయంలో వేలాది తల్లిదండ్రులను పన్ను శాఖ మోసగాళ్లుగా ముద్రవేసినందుకు 2021 జనవరిలో ప్రభుత్వమే రాజీనామా చేసింది.

ఒక తేడా మాత్రం గమనించాలి. ఈ రెండుచోట్లా కోర్టు, కమిషన్, పార్లమెంటు ఉన్నాయి. ఆలస్యంగానైనా డబ్బు వెనక్కి వచ్చింది. దాత ఇవ్వనంటే అప్పీలు ఎక్కడుంది?

గొడవ లేకుండా జరిగే నష్టం ఇంకా పెద్దది. అర్హత ఉండి కూడా అడగనివాళ్లు. బ్రిటన్‌లో పేద వృద్ధులకిచ్చే పెన్షన్ క్రెడిట్‌ను అర్హుల్లో దాదాపు మూడో వంతు మంది తీసుకోవడం లేదు. అమెరికాలో తక్కువ జీతాలవాళ్లకిచ్చే పన్ను రాయితీని ప్రతి అయిదుగురు అర్హుల్లో ఒకరు వదులుకుంటున్నారు. అడగందే అమ్మైనా పెట్టదంటారు. ఇక్కడ అడగాలంటే ముందు పథకం ఉందని తెలియాలి, ఫారం అర్థం కావాలి, ఒక పూట పని మానుకుని ఆఫీసుకు పోవాలి. ఒంట్లో బాగాలేనివాడికి, చదువురానివాడికి, ఇల్లు లేనివాడికి ఈ మూడూ కష్టమే. సాయం కోసమే పెట్టిన వడపోత, సాయం ఎక్కువ అవసరమైనవాడినే ఆపేస్తోంది.

ప్రభుత్వం ఇస్తే దాతలు మానేస్తారా?

కొంతవరకు మానేస్తారు. ఆర్థికవేత్తలు జొనాథన్ గ్రూబర్, డేనియల్ హంగర్‌మన్ 2007లో అమెరికా చర్చిల పాత లెక్కలు తీసి చూస్తే, 1930లలో ప్రభుత్వ సహాయం వచ్చాక చర్చిలు పేదల కోసం పెట్టే ఖర్చు 30 శాతం పడిపోయినట్టు తేలింది. సంక్షేమం దాతృత్వాన్ని చంపేస్తుందనడానికి ఈ అంకె తరచూ కనిపిస్తుంది. అదే పరిశోధనలో ఉన్న రెండో అంకె అంతగా కనిపించదు. చర్చిల మొత్తం ఖర్చే ప్రభుత్వ ఖర్చు ముందు చాలా చిన్నది కాబట్టి, ప్రభుత్వం పెట్టిన ప్రతి డాలరుకు చర్చిలు తగ్గించుకున్నది మహా అయితే 3 సెంట్లు.

ఎవరు తగ్గుతున్నారన్నది మరో ప్రశ్న. దాతకు మనసు మారిందని అందరూ అనుకుంటారు. జేమ్స్ ఆండ్రియోనీ, ఎబిగైల్ పేన్ 8,000కు పైగా సంస్థల లెక్కలు చూసి 2011లో చెప్పింది వేరు. ప్రభుత్వ గ్రాంటు రాగానే విరాళాలు గణనీయంగా తగ్గుతున్నాయి. అయితే అందుకు దాదాపు పూర్తి కారణం ఆ సంస్థలే దాతల దగ్గరికి వెళ్లి అడగడం తగ్గించుకోవడం. గ్రాంటు చేతికొచ్చాక చందాల కోసం తిరగడం ఎవరికి మాత్రం సరదా?

ప్రభుత్వం దానాన్నే తన చేతిలోకి తీసుకుంటే ఏమవుతుందో పాకిస్థాన్‌లో చూడొచ్చు. పొదుపులో ఏటా రెండున్నర శాతం పేదలకివ్వాల్సిన జకాత్ ఇస్లాంలో విధి. 1980 నాటి ఆర్డినెన్సుతో ప్రభుత్వం దాన్ని రంజాన్ మొదటి రోజున పొదుపు ఖాతాల నుంచే నేరుగా మినహాయించడం మొదలుపెట్టింది. దాంతో ఆ తేదీకి కొన్ని రోజుల ముందే ఖాతాల్లోంచి డబ్బు తీసేసుకుని, తర్వాత మళ్లీ వేసుకోవడం జనానికి అలవాటైపోయింది. వాళ్లంతా జకాత్ ఎగ్గొట్టేవాళ్లేం కాదు. ఎవరికివ్వాలో తామే చూసుకుని తమ చేత్తో ఇవ్వాలనుకునేవాళ్లు చాలామంది. ఇచ్చేవాడికి ఎంచుకునే హక్కు పోతే అది పన్ను అవుతుంది, పన్నును ఎలా తప్పించుకుంటారో అలాగే తప్పించుకుంటారు.

అలవాటు పడతారన్న భయం

సాయానికి అలవాటుపడి పని మానేస్తారన్న ఫిర్యాదు ప్రభుత్వం మీదే ఎక్కువ వినిపిస్తుంది. నిజానికి ఇది ఇద్దరికీ ఉన్న తలనొప్పి. ఆర్థికవేత్త జేమ్స్ బుకానన్ 1975లో దీన్ని దయగలవాడి ఇరకాటంగా వివరించారు: ఎలాగూ ఆదుకుంటారని తెలిస్తే పుచ్చుకునేవాడు జాగ్రత్త తగ్గిస్తాడు, ఆదుకోనని ముందే గట్టిగా చెప్పడం దయగలవాడి వల్ల కాదు. లండన్‌లో 1869లో ఏర్పడ్డ చారిటీ ఆర్గనైజేషన్ సొసైటీ పుట్టిందే అపాత్రదానం ఆపడానికి. ఇళ్లకు వెళ్లి ఆరా తీసి, యోగ్యులు ఎవరో తేల్చాకే సాయం. అది ప్రైవేటు సంస్థే, అయినా ఆ ఆరాలో ఆఫీసుకున్నంత కరకుదనం ఉండేదని అప్పట్లోనే విమర్శలొచ్చాయి.

ప్రభుత్వ పథకాల్లో అసలు తప్పు తరచూ నిబంధన రాసిన తీరులో ఉంటుంది. ఆదాయం ఒక గీత దాటగానే మొత్తం సాయం ఆగిపోయేలా రాస్తే, నెలకు కొంచెం ఎక్కువ సంపాదించినవాడు చివరికి నష్టపోతాడు. అలాంటిచోట పని పెంచుకోకపోవడం సోమరితనం కాదు, కూడికలు తీసివేతలు వచ్చినతనం. గీత దగ్గర తెంచేయకుండా మెల్లగా తగ్గిస్తూ పోవడం దీనికి తెలిసిన మందు. ఖర్చు పెరుగుతుంది కాబట్టి ప్రభుత్వాలు వెనకాడతాయి.

కలిసి నడిచిన చోట్లు

జర్మనీలోని నేత పరిశ్రమల పట్టణం ఎల్బర్‌ఫెల్డ్ 1853లో ఒక పద్ధతి మొదలుపెట్టింది. డబ్బు మునిసిపాలిటీది. పంచేది జీతం లేని పౌరులు. పట్టణాన్ని వాడలుగా విడగొట్టి, ఒక్కో మనిషికి నాలుగు కుటుంబాలకు మించకుండా అప్పగించారు. ఆయన ఆ ఇళ్లకు వెళ్లాలి, పరిస్థితి చూడాలి, సాయం సిఫారసు చెయ్యాలి. మంజూరయ్యే సాయం 14 రోజులకే. రెండు వారాలు తిరిగేసరికి వాడ సమావేశం, మళ్లీ ఇంటికి వెళ్లి చూసి రావడం, మళ్లీ నిర్ణయం. నాకు కుదరదని తప్పించుకునే వీలు దాదాపు లేని పౌర బాధ్యత అది. డబ్బుకు పన్ను, ఆరాకు పొరుగువాడు అన్న ఈ కలయిక చాలా జర్మన్ నగరాలకు పాకింది.

తర్వాత నగరాలు పెరిగాయి, కార్మికులు వాడ నుంచి వాడకు మారుతూ పోయారు. నాలుగు కుటుంబాల బాధ్యత తీసుకున్న మనిషికి అందులో సగం మంది కొత్తవాళ్లయిపోయారు. 1905లో, అప్పట్లో జర్మనీలో ఉన్న స్ట్రాస్‌బర్గ్ ఆ పనిని జీతాలు తీసుకునే ఉద్యోగుల చేతికి ఇచ్చింది, మిగతా నగరాలు అదే దారి పట్టాయి. ఈనాటి జర్మనీలో కాథలిక్ చర్చికి చెందిన కారితాస్, ప్రొటెస్టెంట్ చర్చికి చెందిన డియాకొనీ కలిపి పది లక్షల మందికి పైగా ఉద్యోగులతో వృద్ధాశ్రమాలు, ఆసుపత్రులు, శిశు సంరక్షణ కేంద్రాలు నడుపుతున్నాయి. వాటి ఖర్చులో ఎక్కువ భాగం ప్రభుత్వం, సామాజిక బీమా నిధుల నుంచే వస్తుంది. బోర్డు మీద ధర్మం, పద్దులో సంక్షేమం.

ఇక ముందు ఈ చర్చను తిప్పబోయేది డేటా. 2020 ఏప్రిల్‌లో పశ్చిమ ఆఫ్రికా దేశం టోగో ప్రభుత్వం నొవిసి అనే నగదు పథకం తెచ్చింది. మామూలు ఫోన్ నుంచి కోడ్ డయల్ చేసి పేరు నమోదు చేసుకుంటే, ఓటరు జాబితాతో సరిచూసి మొబైల్ ఖాతాలో డబ్బు వేసేవాళ్లు. ఆ ఏడాది చివర్లో గివ్‌డైరెక్ట్లీ అనే స్వచ్ఛంద సంస్థ డబ్బుతో పల్లెలకు విస్తరించారు. ఎక్కువ పేదరికం ఉన్న ప్రాంతాల్ని ఉపగ్రహ చిత్రాలతో, అక్కడి పేదల్ని ఫోన్ వాడకం తీరుతో గుర్తించారు. ఎల్బర్‌ఫెల్డ్ తలకిందులైంది: డబ్బు దాతలది, యంత్రాంగం ప్రభుత్వానిది, ఆరా తీసేది కంప్యూటర్. ప్రాంతాన్ని బట్టి పంచడంకన్నా ఇందులో తప్పిపోయిన పేదలు తక్కువని, ఇంటింటి సర్వేతో పూర్తి జాబితా ఉండి ఉంటే ఇంకా తగ్గేవారని 2022లో వెలువడిన పరిశీలన చెప్పింది. ఓటరు కార్డు లేనివాళ్లు, సిమ్ లేనివాళ్లు మాత్రం ఆ లెక్కలోకి రానే లేదు. వాళ్లు ఏ ఇంట్లో ఉన్నారో ఉపగ్రహానికి తెలియదు. పక్కింట్లో అడిగితే చెబుతారు.